చెప్పి తీసే చెయ్యి

మా అమ్మాయి రేణు నా ఇంటి గుమ్మం దాటేటప్పుడు "వెళ్తున్నానమ్మా" అంటుంది. "వెళ్ళొస్తాను" అనదు. యాభై దాటిన మనిషి, ఇద్దరు బిడ్డల తల్లి. తెలుగింట పుట్టినవారెవరికైనా చెవిలో ముల్లులా గుచ్చుకునే ఆ మాటను నలభై ఏళ్ళకు పైగా వింటున్నాను, ఒక్కసారీ దిద్దలేదు. తప్పులు దిద్దడమే వృత్తిగా బతికినదాన్ని, ఈ ఒక్కదాన్ని ఎందుకు వదిలేశానో చెప్పాలంటే 1981 వేసవి గురించి చెప్పాలి. కారణం ముందు, ఫలితం తరువాత. ఆ వరుసలో నేను ఎక్కడెక్కడ తగులుతానో నాకు తెలుసు కనుక, వరుస తప్పకుండానే చెబుతాను.

అప్పట్లో మేము న్యూజెర్సీలో, పిస్కాటవేలో, ఒక అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో ఉండేవాళ్ళం. మా ఆయన హరనాథ్ మందుల కంపెనీలో కెమిస్టు. నేను వాల్తేరులో భాషాశాస్త్రం చదువుకుని, ఇక్కడి యూనివర్సిటీ లైబ్రరీలో భారతీయ భాషల పుస్తకాలకు కేటలాగు రాసేదాన్ని. రేణుకు ఆరేళ్ళు. దాని తెలుగుకు నేనే బడి, నేనే పరీక్ష. సాయంత్రం కారు చప్పుడు విని "నాన్న వచ్చింది!" అని అది పరుగెత్తుకొస్తే, "వచ్చారు" అని దిద్ది, అది తిరిగి అన్నాకే తలుపు తీసేదాన్ని. హరనాథ్ బయట బ్యాగుతో నిలబడి, "ముందు వ్యాకరణం, తర్వాత మొగుడు" అని నవ్వేవారు.

మా కింద ఇంట్లో ఫ్రీడా మార్కస్ గారు ఉండేవారు. డెబ్భై దాటిన యూదు వితంతువు. ముప్ఫయ్యేళ్ళు తమ ప్రార్థనాలయంలో పిల్లలకు ఆదివారపు బడి నడిపి రిటైరయ్యారు. స్కూలు బస్సు దిగిన రేణు నేను వచ్చేదాకా ఆవిడ దగ్గరే ఉండేది. శుక్రవారం సాయంత్రం వాళ్ళ విశ్రాంతి దినం మొదలవుతుంది కనుక, మధ్యాహ్నమే ఆవిడ పిండి కలిపి, మూడు పాయలుగా అల్లి రొట్టె కాల్చేవారు. మా పిల్ల దానికి "జడ బ్రెడ్" అని పేరు పెట్టింది. ఫ్రీడా గారు పెంపకం గురించి ఏది చెప్పినా, "మా పెద్దలేమన్నారంటే" అనే మొదలుపెట్టేవారు. మా అత్తగారి ధోరణే అనుకున్నాను మొదట. కొన్నాళ్ళకు తేడా తెలిసింది. మా అత్తగారి పెద్దలు ఆజ్ఞలన్నీ పిల్లలకు వేశారు. ఈవిడ పెద్దలు ఎక్కువ భాగం తల్లిదండ్రులకు వేశారు.

ఏప్రిల్‌లో ఒకరోజు రేణు షాపు అద్దంలో ఎర్ర స్విమ్‌సూట్ చూసి మారాం చేసింది. "రేపు కొందాంలే" అని ఇంటికి లాక్కొచ్చాను. మర్నాడు సాయంత్రం ఫ్రీడా గారు కోటు వేసుకుని, చేతికి బ్యాగు తగిలించుకుని, మెట్లెక్కి పైకి వచ్చారు.

"ఎక్కడికైనా వెళ్తున్నారా?" అన్నాను.

"మనం వెళ్తున్నాం, షాపుకి. నిన్న నువ్వు రేపన్నావట. ఇవాళే నీ రేపు."

నాకు నవ్వొచ్చింది. మా భాషలో రేపంటే ఇరవై నాలుగు గంటల తరువాత అని కాదనీ, 'ఏడుపు ఆపు' అని మాత్రమే అర్థమనీ, చదువుకున్న చదువంతా ఉపయోగించి వివరించాను. ఆవిడ నవ్వలేదు.

"పిల్లకి ఇస్తానని చెప్పి ఇవ్వకపోతే, అబద్ధం నేర్పినట్టే అన్నారు మా పెద్దలు. రేణుకి నీ భాష సంగతులు తెలియవు. నీ మాట ఒక్కటే తెలుసు."

లోపలి నుంచి హరనాథ్ కారు తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టారు. "పద వసూ. ఆవిడ పెద్దలతో నువ్వు గెలవలేవు." ఆ సాయంత్రమే ఎర్ర స్విమ్‌సూట్ ఇంటికొచ్చింది.

మే నెల రెండో వారంలో హరనాథ్ కడుపునొప్పికి పేరు తెలిసింది. క్లోమగ్రంథిలో కాన్సర్. ఆపరేషన్ చేసే దశ దాటిపోయింది. డాక్టరు సెప్టెంబరు అని ఒక నెల పేరు చెప్పి, బల్ల మీద కాగితాలు సర్దుకున్నాడు. ఇంటికి వచ్చే దారంతా హరనాథే డ్రైవ్ చేశారు. నన్ను చెయ్యనివ్వలేదు.

మేము మొదట చెప్పింది ఫ్రీడా గారికే. ఆవిడ మా ఇద్దరికీ కుర్చీలు జరిపి, ఎదురుగా కూర్చున్నారు. హరనాథే, "మీ పెద్దలు తండ్రికి ఏం పనులు పెట్టారండీ?" అన్నారు.

ఆవిడ వేళ్ళు ముడిచారు. "చదువు చెప్పించాలి. ఒక వృత్తి నేర్పాలి. పెళ్ళి చెయ్యాలి." అక్కడ ఆగి, ఇంకో వేలు ముడిచారు. "ఈత కూడా నేర్పాలని కొందరన్నారు."

"చదువుకి పదిహేనేళ్ళు, పెళ్ళికి ఇరవై. ఈతకి?"

"ఒక వేసవి," అన్నారు ఫ్రీడా గారు.

హరనాథ్ కాకినాడ పక్క కాలవల్లో ఈది పెరిగినవారు. ఆ రాత్రి, అప్పటికి వారం రోజుల్లో మొదటిసారి, కడుపునిండా తిన్నారు.

మే చివరి సోమవారం మా అపార్ట్‌మెంట్ల మధ్య ఉన్న పూల్ తెరిచారు. పక్కటెముకలు కనబడకుండా హరనాథ్ బనీనుతోనే నీళ్ళలో దిగేవారు. నాకు నీళ్ళంటే భయం. ఒడ్డున ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, కాళ్ళు కూడా వెనక్కు పెట్టుకునేదాన్ని. ఆయన నడుము లోతులో నిలబడి, రేణును వెల్లకిలా పడుకోబెట్టి, దాని వీపు కింద అరచెయ్యి ఆనించేవారు.

"నాన్నా, చెయ్యి తియ్యకు!"

"తియ్యను."

"ఎప్పుడూ?"

"ఎప్పుడూ తియ్యకపోతే అది ఈత కాదమ్మా, మోత."

"మరి?"

"తీస్తాను. కానీ చెప్పి తీస్తాను. చెప్పకుండా మాత్రం తియ్యను."

"ప్రామిస్?"

"ప్రామిస్."

ఆ మాట ఆయన అక్షరాలా నిలబెట్టుకున్నారు. "తీస్తున్నా. ఒకటి, రెండు..." అనేవారు. మూడు వినబడేలోగా రేణు గిర్రున తిరిగి ఆయన మెడ పట్టుకునేది. ఇద్దరూ నీళ్ళు మింగి, దగ్గి, నవ్వేవారు. జూన్ నెలంతా లెక్క మూడు దాకా వెళ్ళలేదు. ఎందుకు తొందరపెట్టరని నేనొకసారి అడిగితే, "చెయ్యి ఉందన్న నమ్మకం కుదిరితేనే, లేకపోయినా తేలుతుంది" అన్నారు. అది నీళ్ళ గురించే అన్నారనుకున్నాను.

జూలై నాలుగు దాటాక ఆయన నీళ్ళలో నిలబడలేకపోయారు. ఒడ్డున కూర్చుని పాదాలు మాత్రం ముంచేవారు. రేణు ఆయన కాళ్ళు పట్టుకుని నీళ్ళు తన్నేది. ఒకరోజు సాయంత్రం వంటింట్లో నేను చారు కాస్తుంటే, వచ్చి స్టూలు మీద కూర్చున్నారు.

"వసూ, దానికి చెప్పాలి."

"ఏమని?"

"ఉన్నదే."

"ఆరేళ్ళ పిల్ల. ఏం తెలుస్తుందని?"

"నాన్నా, నీ బనీను పెద్దదైపోయింది అని నిన్న అదే అంది. బనీను పెద్దదవదని దానికి తెలుసు."

"అలాంటి మాటలు నోటితో అనకండి. తథాస్తు దేవతలుంటారు." భాషాశాస్త్రం చదివిన నేనే ఆ మాట అన్నాను.

"వాళ్ళకి అమెరికా వీసా ఇచ్చారా?" అన్నారాయన. నేను నవ్వలేదు. ఆయనా ఎక్కువసేపు నవ్వలేదు. "చెబుతానని మాటిచ్చాను వసూ, పూల్‌లో."

"అది ఈతకి."

"దానికి ఆ తేడా తెలియదు."

చారు పొంగింది. పొయ్యి తగ్గించి, వెనక్కు తిరగకుండానే, "రేపు చెబుదాం లెండి" అన్నాను.

కాసేపటికి ఆయన గొంతు వినబడింది. "నీ రేపా, ఫ్రీడా గారి రేపా?"

నేను చారు దించాను.

మర్నాడు నాకు అనుకూలంగా ఒక్క మాట దొరుకుతుందేమోనని కిందికి వెళ్ళాను. "పిల్లకి ఇలాంటివి చెప్పడం గురించి మీ పెద్దలు ఏమీ అనలేదా?" అని అడిగాను.

"అన్నారు. జబ్బు మనిషి గుండె పగిలేలా మాట్లాడొద్దన్నారు," అన్నారు ఫ్రీడా గారు.

"చూశారా!"

"కానీ ఇక్కడ గుండె గట్టిగా ఉన్నది జబ్బు మనిషికే." ఆవిడ నా చెయ్యి పట్టుకోబోయారు, నేను లాక్కున్నాను. "పిల్లకి ఎలాగూ తెలుస్తుంది. ఎవరి నోట తెలుస్తుందన్నదే నీ చేతిలో ఉంది."

కోపంతో ఆ వారమంతా నేను ఆవిడ తలుపు వైపు చూడలేదు. రేణును తీసుకురావడానికి కూడా హరనాథ్‌నే పంపాను, మెట్లెక్కలేరని తెలిసీ. ఆ శుక్రవారం కూడా ఫ్రీడా గారు తువ్వాలులో చుట్టిన రొట్టెను ఎప్పటిలాగే మా గుమ్మం ముందు పెట్టి వెళ్ళారు.

ఆగస్టు రెండో వారం, సోమవారం పొద్దున, హరనాథ్‌ను హాస్పిటల్లో చేర్చాలి. పద్నాలుగేళ్ళలోపు పిల్లలను ఆ వార్డులోకి రానివ్వరు. కనుక గుమ్మం దగ్గర చెప్పిందే చెప్పినట్టు. అది మా ఇద్దరికీ తెలుసు. "నేనే చెబుతాను, నువ్వేమీ అనక్కర్లేదు" అని ముందురోజే ఆయన అన్నారు. నేను మాట్లాడలేదు. ఆయన దాన్ని ఒప్పుకోలు అనుకున్నారు.

రేణును చూసుకోవడానికి ఫ్రీడా గారు పైకి వచ్చి, మెట్ల కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. హరనాథ్ బూట్లు వేసుకునే స్టూలు మీద కూర్చుని, రేణు రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకున్నారు.

"రేణూ, నేను వెళ్తానమ్మా."

అంతవరకే అన్నారు. తరువాతి మాటకు ఊపిరి తీసుకుంటున్నారు. ఆ ఖాళీలో నేను నా పని చేశాను.

"వెళ్తాననకూడదు. వెళ్ళొస్తాననాలి."

'వచ్చింది'ని 'వచ్చారు'గా దిద్దే గొంతుతోనే అన్నాను. అలవాటు కొద్దీ నోరు జారిందని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకోగలిగితే బాగుండేది. అలవాటు సగమే. ఆయన మొదలుపెట్టిన మాట పూర్తి కాకూడదన్న కోరిక మిగిలిన సగం.

హరనాథ్ తలెత్తి నన్ను చూశారు. కోపం లేదు. అలసిపోయినవాడు ఎక్కవలసిన మెట్లను చూసినట్టు చూశారు. తరువాత రేణు వైపు తిరిగారు.

"వెళ్ళొస్తానమ్మా."

"ఎప్పుడొస్తావ్?"

జవాబు నేనే ఇచ్చాను. "ఫ్రైడే."

"జడ బ్రెడ్ డే!" అంది రేణు. "నాన్నకి నేను చిన్నది చేస్తా. బేబీ జడ."

ఫ్రీడా గారికి తెలుగు రాదు. కానీ ఫ్రైడే అన్న మాట అర్థమైంది. ఆవిడ ఒక్కక్షణం కళ్ళు మూసుకుని తెరిచి, రేణుకు చెయ్యి అందించారు.

బుధవారం సాయంత్రం హరనాథ్‌కు కాసేపు తెలివి వచ్చింది. "రేణుకి చెప్పావా?" అని అడిగారు.

"చెప్పాను," అన్నాను.

ఆయన నమ్మారు. పన్నెండేళ్ళ కాపురంలో నా మాటను ఆయన ఎన్నడూ అనుమానించలేదు. "ఏమంది?" అన్నారు. "ఏడిచి, నిద్రపోయింది" అన్నాను. "మంచిది" అని కళ్ళు మూసుకున్నారు. ఆయన నాతో అన్న చివరి మాట అదే. గురువారం మధ్యాహ్నం రెండు గంటలకు పోయారు. ముప్ఫై ఎనిమిదేళ్ళు.

కాగితాలూ, సంతకాలూ, దహనానికి ఏర్పాట్లూ పూర్తయి నేను ఇంటికి చేరేసరికి శుక్రవారం మూడయింది. ఫ్రీడా గారి తలుపు తీసే ఉంది. వేడి రొట్టె వాసన మెట్ల దాకా వస్తోంది. రేణు కుర్చీ మీద నిలబడి ఉంది, మోచేతుల దాకా పిండి. బల్ల మీద పెద్ద రొట్టె. దాని పక్కన అరచేతిలో పట్టేంత చిన్నది, కాగితం తువ్వాలు మీద. పాయలు అటూ ఇటూ అయ్యాయి గాని జడే.

"నాన్న కార్‌లో ఉందా?" అంది.

నేను నేల మీద కూర్చున్నాను. దాన్ని కుర్చీ మీంచి దింపి ఎదురుగా నిలబెట్టుకున్నాను. "రేణూ, నాన్న చనిపోయారు. నిన్న."

అది నన్ను చూడలేదు. రొట్టెను చూసింది. గోడ మీద కేలండరును చూసింది.

"బట్ ఇవాళ ఫ్రైడే."

"అవును."

"వెళ్ళొస్తా అంది."

అది చాలాసేపు ఆలోచించింది. ఆలోచించి, ఏడవకుండా, లెక్క తేల్చినట్టు అంది:

"చెప్పకుండా తీసేసింది."

తీసేశారు అనాలి. నేను దిద్దలేదు.

ఫ్రీడా గారు ఒక్క మాట అనలేదు. పిండి రాలిన నేల మీదే, డెబ్భై ఏళ్ళ మోకాళ్ళు మడిచి, మా ఇద్దరి పక్కన కూర్చున్నారు. దుఃఖంలో ఉన్నవాళ్ళు నోరు విప్పేదాకా పలకరించకూడదన్నది వాళ్ళ పద్ధతట. మర్నాడు చీకటి పడి విశ్రాంతి దినం ముగిశాక, గిన్నెలో మసూరపప్పు పులుసు వండి పైకి తెచ్చారు. అప్పటికి నేనే నోరు విప్పాను.

"నన్ను తిట్టండి," అన్నాను.

"తిను," అన్నారావిడ. "మా వాళ్ళు చావింట్లో ఇది పెడతారు. మిగతా గింజలకి చీలిక ఉంటుంది, దీనికి ఉండదు. దుఃఖంలాగే దీనికీ నోరు లేదంటారు." చెంచా నా చేతికిచ్చి వెళ్ళిపోయారు.

తరువాతి మూడు వారాలూ రేణు నన్ను ఏదీ అడగలేదు. ఆకలి అనలేదు, కథ అనలేదు. ఏదైనా ఇస్తానంటే తలూపేది. చేతికి అందాక మాత్రమే నమ్మేది. లైబ్రరీ నుంచి అయిదున్నరకు వస్తానని చెబితే, కిటికీ దగ్గరకు వెళ్ళేది కాదు. ఇదివరకు వెళ్ళేది.

సెప్టెంబరు మొదటి సోమవారంతో పూల్ మూసేస్తారు. ముందురోజు ఫ్రీడా గారు మా ఇంటికి వచ్చారు.

"తండ్రి పూర్తి చెయ్యలేని పని తల్లికి వస్తుంది," అన్నారు.

"నాకు ఈత రాదు."

"నిలబడ్డం వచ్చు కదా."

నాకు నీళ్ళలో దిగే బట్టలు లేవు. హరనాథ్ పైజమా, బనీను వేసుకున్నాను. రేణు ఆ బనీనును చూసింది గాని ఏమీ అనలేదు. ఎర్ర స్విమ్‌సూట్ అప్పటికే దానికి పొట్టిదవుతోంది. ఫ్రీడా గారు నా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. నేను ఒక్కొక్క మెట్టే దిగాను. నడుము దాకా నీళ్ళు వచ్చేసరికి గట్టు పట్టుకున్నాను. రేణు వెల్లకిలా పడుకుంది. దాని వీపు కింద అరచెయ్యి పెట్టాను. ఎంత తేలికో నాకు అంతవరకూ తెలియదు. ఆ బరువు తెలిసిన మనిషి ఆయనొక్కరే.

"తీసేటప్పుడు చెప్తావా?" అంది ఆకాశాన్ని చూస్తూ.

"చెప్తాను."

"నాన్న కూడా అంది."

నేను ఒడ్డు వైపు చూశాను. ఫ్రీడా గారు నన్ను చూడడం లేదు; తన చేతులు చూసుకుంటున్నారు.

"రేణూ, ఆ రోజు గుమ్మం దగ్గర నాన్న చెప్పబోయారు. నేను చెప్పనివ్వలేదు. వెళ్ళొస్తానని నేనే అనిపించాను. ఫ్రైడే అన్నది కూడా నేనే."

చెవుల దాకా నీళ్ళు ఉన్నాయి కదా, వినబడలేదేమో అనుకున్నాను. కానీ నా అరచేతి మీద దాని వీపు బిగుసుకుంది.

"నీకు తెలుసా? రాదని?"

"తెలుసు."

"నాన్న లై చెప్పలేదా?"

"లేదమ్మా. నేను చెప్పాను."

అది కళ్ళు మూసుకుంది. కొద్దికొద్దిగా వీపు మెత్తబడింది. మూడు వారాలుగా దాని ముఖంలో కనబడనిది ఒకటి తిరిగి వచ్చింది. వాళ్ళ నాన్న తిరిగి వచ్చారు. ఆయన ప్రామిస్ మళ్ళీ చెల్లింది. అది ఎవరి వల్ల ఇంతకాలం చెల్లలేదో కూడా దానికి తెలిసింది.

"చెయ్యి తియ్యి," అంది.

"తీస్తున్నా. ఒకటి, రెండు..."

"లెక్క వద్దు. తియ్యి."

తీశాను.

రేణు తేలింది. మెడ పట్టుకోలేదు, వెనక్కు తిరగలేదు. చేతులు రెండూ బార్లా చాపి, చిన్నగా కాళ్ళు ఆడిస్తూ, ఆ చివర గోడ వైపు నా నుంచి దూరంగా వెళ్ళింది. ఒడ్డున ఫ్రీడా గారు లేచి నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నారు. అది గోడను తాకి, అక్కడి మెట్ల మీంచి తనంత తానే పైకెక్కి, తువ్వాలు కోసం ఆవిడ దగ్గరకు వెళ్ళింది.

నా చెయ్యి నీళ్ళ కింద, దాని వీపు ఉన్న ఎత్తులోనే, అలాగే ఉండిపోయింది.